ఫోటో కూడా కాగితమే

(చిత్రకళ ఉపాధ్యాయుల, విద్యార్థుల కార్యశాలలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

పొద్దున మీరు బల్లల మీద పెట్టిన స్కెచ్‌బుక్కులన్నీ ఒక్కొక్కటే తిరగేశాను. గీతలో ధైర్యం ఉంది, రంగు మీద ఇష్టం ఉంది. ఒక్క చోట మాత్రం దాదాపు అందరి చేతులూ ఆగిపోయాయి. ఫోటో అంటించాల్సి వచ్చేసరికి చెయ్యి మారిపోయింది. నాలుగు మూలలూ సరిచూసి, దరఖాస్తు ఫారం మీద అంటించినట్టు పేజీ మధ్యలో నిటారుగా అంటించారు. చుట్టూ రంగు వేశారు, కింద పేరు రాశారు. ఆ ఫోటో మీదికి మాత్రం ఒక్క గీత కూడా రాలేదు. దాన్ని ముట్టుకోవాలంటే భయం. ఇవాళ ఆ భయం గురించే మాట్లాడదామని వచ్చాను.

ఫోటోని మనం కాగితంగా చూడం. అందులో ఉన్న మనిషినే చూస్తాం. ఇంట్లో అది అలాగే ఉండాలి కూడా. కానీ స్కెచ్‌బుక్‌లోకి వచ్చాక ఫోటో కూడా కాగితమే. దానికి మందం ఉంది, వీపు ఉంది, అంచు ఉంది. తడిస్తే ఒకలా, గీకితే ఒకలా, చింపితే ఇంకోలా ప్రవర్తిస్తుంది. ఆ గుణాలన్నీ చేతికి తెలిస్తేనే ఫోటో పేజీలో కలుస్తుంది. తెలియనంత కాలం పేజీ మీద అతిథిలా కూర్చుని ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాత ఫోటోకి కత్తెర పెట్టమని నేను చెప్పను. కాపీ తీయించుకోండి, కాపీతోనే పని చేయండి. అసలు ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో ఎవరెవరున్నారో, ఏ ఊరో రాసి కవర్లో పెట్టేయండి. బాల్‌పెన్ను వద్దు, ఒత్తి రాస్తే అచ్చు ముందువైపు కనిపిస్తుంది.

ఇప్పుడు ఈ ఫోటో చూడండి. ల్యాబులో కడిగిన మామూలు కలర్ ఫోటో, ఇంట్లో ప్రింటర్ మీద తీసింది కాదు. దీన్ని కాసేపు నీళ్లలో నానబెట్టి మొండి బ్లేడుతో మెల్లగా గీకుతున్నాను. ఏ రంగు వచ్చింది? ఎరుపు. ఇంకాస్త గీకితే పసుపు. ఇంకా లోపలికి వెళ్తే తెల్లటి కాగితం. కారణం ఏమిటంటే, ఈ రకం ఫోటో కాగితంలో మూడు రంగుల పొరలుంటాయి. అన్నిటికన్నా పైన సయాన్ అనే ఆకుపచ్చ కలిసిన నీలం, దాని కింద మెజెంటా అనే ముదురు గులాబీ రంగు, అడుగున పసుపు. సయాన్ లేచిపోతే మిగిలిన రెండూ కలిసి ఎరుపుగా కనిపిస్తాయి. మెజెంటా కూడా పోతే పసుపే మిగులుతుంది. వానకు తడిసిన పాత ఆల్బమ్‌లో ఫోటోలు ఎర్రగా, పసుపుగా మరకలు కట్టి ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ జరిగింది ఇదే. మనం పొరలు పొరలుగా కాగితాలు అంటించడం గురించి మాట్లాడుకుంటున్నాం గదా, ఫోటో అప్పటికే పొరల కాగితం. పాత నలుపు తెలుపు ఫోటోలో బొమ్మంతా ఒకే వెండి పొరలో ఉంటుంది కాబట్టి గీకితే నేరుగా తెలుపే వస్తుంది. ఆ తెలుపుతో గీత గీయొచ్చు. కలర్ ఫోటోలో అయితే ఒక్క బ్లేడుతో ఎర్రగీత, పసుపుగీత, తెల్లగీత మూడూ గీయొచ్చు, పెయింటు డబ్బా అక్కర్లేకుండా.

కాగితాన్ని పొరలుగా చూడటం మన దేశానికి కొత్త కాదు. మొగలు, దక్కనీ చిత్రకారులు సూక్ష్మచిత్రాలు వేసిన వస్లీ కాగితం ఒక్క కాగితం కానే కాదు. పల్చటి కాగితాలు రెండో మూడో అంతకన్నా ఎక్కువో గోధుమపిండి జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి, ఆరాక రాయితో రుద్ది రుద్ది నునుపు చేసేవారు. పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లలతో చేసే పనిలో మీరు కలపకండి. నేను చెప్పదలచుకున్నది వేరు. బొమ్మ మొదలుకాక ముందే అక్కడ అంటించే పని సగం అయిపోయింది. పదిహేడో శతాబ్దం బీజాపూర్‌కు వస్తే ఇంకా ముచ్చటైన పని కనిపిస్తుంది. నీళ్ల మీద రంగులు తేల్చి, కాగితానికి పట్టించే అబ్రీ పద్ధతిలో ఒక బక్కచిక్కిన గుర్రాన్ని, దాని మీద ఎముకలు తేలిన మనిషిని చేశారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అలలు అలలుగా తేలిన ఆ రంగే బొమ్మకు చర్మం. కాగితం మీద ఉన్న నమూనాని ఇంకో వస్తువుగా మార్చేయడమంటే అది. మీరు రేపు పెళ్లి శుభలేఖ కవరు లోపలి గళ్ల కాగితాన్ని చింపి పొలం చేసినా, చీరల డబ్బాలోని కాగితాన్ని ఆకాశం చేసినా చేస్తున్నది ఆ పనే.

జహంగీర్ కాలపు గుల్షన్ ఆల్బమ్ ఇప్పుడు టెహ్రాన్‌లోని గులిస్తాన్ ప్యాలెస్‌లో ఉంది. అందులో పర్షియన్ అక్షరాల పక్కన ఇక్కడి చిత్రాలు, వాటి పక్కన యూరప్ నుంచి వచ్చిన అచ్చుబొమ్మలు చేర్చి అంటించి, చుట్టూ అంచులకు మళ్లీ బొమ్మలు వేశారు. ఎక్కడెక్కడి కాగితాలో ఒక పేజీ అయ్యాయి.

ఇక ఫోటో సంగతి. రాజస్థాన్‌లో నాథద్వారా యాత్రకు వెళ్లిన కుటుంబాలు ఫోటో తీయించుకునేవి. అక్కడి చిత్రకారులు ఆ ఫోటోల్లోంచి ముఖాలు కత్తిరించి, అక్కడి కృష్ణుడు శ్రీనాథ్‌జీ ముందు చేతులు జోడించి నిలబడ్డ మనుషులకు అంటించి, బట్టలూ నగలూ గుడి గోడలూ రంగులతో పూర్తి చేసేవారు. ముఖం కెమెరాది, ఒళ్లు కుంచెది. చూసేవాళ్లకి అది మోసంగా తోచలేదు, దైవదర్శనంగానే తోచింది. మన ఊళ్ల స్టూడియోల్లోనూ ఇలాంటి పని జరిగింది. పోయిన తండ్రి ఫోటోని బతికున్న తల్లి పక్కన చేర్చి ఒకే ఫ్రేములో కూర్చోబెట్టడం, నలుపు తెలుపు ఫోటోలో చీర అంచుకి రంగు పూయడం, పెళ్లి ఆల్బమ్‌లో పువ్వు మధ్యలో వధూవరుల ముఖాలు మిక్సింగ్ చేయడం. ఆ స్టూడియో వాళ్లకి ఫోటో అంటే భయం లేదు. అది కత్తిరించదగ్గది, పూయదగ్గది, ఇంకొక దానితో అతకదగ్గది అని వాళ్ల చేతులకు తెలుసు. ఆ పనిని కళాశాలల్లో ఎవరూ పాఠంగా చెప్పలేదు. చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

యూరప్‌లో ఈ దారి తెరుచుకున్న సంవత్సరం 1912. ఆ ఏడు చిత్రకారుడు పికాసో ఒక చిత్రంలో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్క అంటించి, చుట్టూ అంచుగా తాడు కట్టాడు. అదే ఏడు ఆయన తోటి చిత్రకారుడు బ్రాక్ చెక్క చారలు అచ్చువేసిన గోడకాగితాన్ని ఫ్రాన్స్‌లోని అవిన్యోలో కొని బొగ్గు గీతల మధ్య అంటించాడు. వీళ్ల గురించి పుస్తకాల్లో కావలసినంత ఉంది. నేను ఎక్కువసేపు ఆగాలనుకునేది హన్నా హోహ్ అనే జర్మన్ చిత్రకారిణి దగ్గర.

ఆమె 1916 నుంచి పదేళ్లు బెర్లిన్‌లో ఉల్‌స్టైన్ అనే పెద్ద ప్రచురణ సంస్థలో పనిచేసింది. అక్కడ ఆమె పని ఏమిటంటే ఆడవాళ్ల పత్రికల కోసం కుట్లు, అల్లికల డిజైన్లు గీయడం. గమనించండి, కాగితం మీద నమూనా గీసి, కత్తిరించి, ఇంకోచోట పేర్చడం ఆమెకు రోజూ ఉన్న ఉద్యోగమే. అదే సంస్థ బొమ్మల వారపత్రిక కూడా వేసేది. ఆ అచ్చు ఫోటోలను కత్తిరించి ఆమె 1919-20లో మీటరుకు పైగా ఎత్తున్న ఫోటోమాంటేజ్, అంటే ఫోటో ముక్కలు అతికి చేసిన బొమ్మ, చేసింది. పేరులోనే వంటింటి కత్తి ఉంటుంది. రాజకీయ నాయకుల తలలు, నాట్యకత్తెల ఒళ్లు, యంత్రాల చక్రాలు, గుంపులు గుంపులుగా జనం. కింద కుడి మూలన చిన్న పటం అంటించింది. ఆడవాళ్లకు ఓటు హక్కున్న యూరప్ దేశాల పటం. దాని మీద చిన్నగా తన ముఖం. జర్మనీలో ఆడవాళ్లు మొదటిసారి జాతీయ ఎన్నికల్లో ఓటు వేసింది 1919 జనవరిలో.

చూడండి, ఆమె ఒక్క ఫోటో కూడా తీయలేదు. ఆ నాయకులందరి ఫోటోలూ ఎవరో గౌరవంగా తీసి, గౌరవంగా అచ్చువేసినవే. వాటిని ఆమె పత్రిక కాగితంగా చూసింది కాబట్టే కత్తెర పెట్టగలిగింది. చెల్లాచెదురుగా పేర్చినట్టు కనిపించినా తల ఎంత పెద్దది, దానికి తగిలించిన ఒళ్లు ఎంత చిన్నది, ఏ ముక్క పక్కన ఎంత ఖాళీ వదలాలి అన్నది కుట్టుపని డిజైన్ వేసే చెయ్యి చేసిన లెక్క. నా వరకు నేను గత శతాబ్దంలో కత్తెర పట్టిన వాళ్లందరిలో ఆమెనే ముందు పెడతాను.

ఇంకొకరు మనవాళ్లే, బినోద్ బిహారీ ముఖర్జీ. 1904లో పుట్టారు. శాంతినికేతన్‌లో గోడల మీద మహా చిత్రాలు వేసినవాడు. చిన్నప్పటి నుంచి చూపు తక్కువ. 1950లలో కంటి ఆపరేషన్ తర్వాత ఉన్న కాస్త చూపూ పోయింది. ఆ తర్వాత కూడా ఆయన పని ఆపలేదు. రంగు కాగితాలు మడిచి, కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి అంటించారు. ఆ బొమ్మల్లో మనుషులు కూర్చున్న తీరు, వంగిన తీరు చూస్తే చూపు లేని మనిషి చేశాడని ఎవరూ అనుకోరు. కుంచెతో గీసిన గీత వేలికి తగలదు. అంటించిన కాగితం అంచు తగులుతుంది. పొర పైకి లేచి ఉంటుంది. ఏది దేని మీద ఉందో కన్ను చెప్పకపోయినా వేలు చెబుతుంది. మీరు కూడా పేజీ పూర్తయ్యాక ఒకసారి కళ్లు మూసుకుని దాని మీద చెయ్యి పోనివ్వండి. అంతా ఒకేలా నున్నగా తగిలితే ఆ పేజీలో పొరలు లేవన్నమాట, బొమ్మలు మాత్రమే ఉన్నాయి.

సరే, పనిలోకి దిగుదాం.

మొదటి తలనొప్పి జిగురు. ఫోటో అంచులు లేచిపోతున్నాయని ఇందాక ఇద్దరు ముగ్గురు చూపించారు. ల్యాబు ఫోటో వీపు కాగితంలా కనిపిస్తుంది గాని కాగితానికి రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అది జిగురును పీల్చదు. వెనకవైపు ఉప్పుకాగితంతో గరుకు చేయండి, పట్టుకుంటుంది. ఇంకా మంచి ఉపాయం, మూల దగ్గర గోటితో చీల్చి వెనక పొరను మెల్లగా ఒలిచేయడం. ముందున్న బొమ్మ పొర పల్చగా, వంగేలా మిగులుతుంది. అప్పుడది కాగితం మడతలతో పాటు తనూ మడత పడుతుంది, పేజీ మందం కూడా పెరగదు.

రెండోది, పేజీ వంకర్లు తిరగడం. యంత్రం మీద చేసిన ప్రతి కాగితానికీ ఒక వాటం ఉంటుంది, పోగులు ఎక్కువగా ఒకే దిక్కుకు పరుచుకుని ఉంటాయి. న్యూస్‌పేపరు ఒక దిక్కున తిన్నగా చిరుగుతుంది, ఇంకో దిక్కున అడ్డదిడ్డంగా పోతుంది గదా, అదే వాటం. తడిసిన కాగితం వాటానికి అడ్డంగా సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటూ కింది పేజీని కూడా లాగుతుంది. అందుకని అంటించే కాగితం వాటం, పుస్తకం వాటం రెండూ కుట్టుకు సమాంతరంగా ఉండేట్టు చూసుకోండి. పెద్ద కాగితం అంటిస్తే అదే పేజీ వెనకవైపు కూడా ఒక కాగితం అంటించండి, రెండు వైపులా లాగుడు సమానమై పేజీ నిలబడుతుంది. బైండింగు చేసేవాళ్లకి ఇది పుట్టుకతో వచ్చినంత సహజం. ఫెవికాల్‌ను నీళ్లతో కాస్త పల్చన చేసి, మధ్యలోంచి అంచులకు రాసి, మీద పాలిథిన్ కాగితం వేసి, రాత్రంతా బరువు పెట్టండి. పాలిథిన్ మరిచిపోతే రెండు పేజీలు ఒక్కటైపోతాయి.

పుస్తకం ఉబ్బిపోతుందని ఇక్కడ ఒక అమ్మాయి అడిగింది. దానికి మందు ఏమిటంటే పేజీలు తీసేయడం. ప్రతి మూడో కాగితాన్నో, నాలుగో కాగితాన్నో కుట్టు దగ్గర అర అంగుళం వదిలి కోసేయండి. ఆ మిగిలిన ముక్క, అంటించిన పొరల మందానికి చోటిస్తుంది. పాత ఫోటో ఆల్బమ్ విప్పి చూడండి, కుట్టు దగ్గర అలాంటి ముక్కలే ఉంటాయి.

మూడోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఫోటోలోంచి కాగితాన్ని తీసేయడం. లేజర్ ప్రింటో జిరాక్సో తీసుకోండి. ఇంక్‌జెట్ పనికిరాదు. జిరాక్సులో నలుపు అంటే వేడికి కరిగి కాగితం పైన అతుక్కున్న ప్లాస్టిక్ పొడి, ఇంక్‌జెట్ సిరా అయితే కాగితంలోకి ఇంకిపోతుంది. ఆ తేడా వల్లే ఈ పని సాధ్యం. పేజీ మీద ఆక్రిలిక్ మీడియం, అంటే ఆక్రిలిక్ రంగుల్లో కలిపే రంగులేని జిగురు, రాసి, ప్రింటును బొమ్మ కిందికి వచ్చేలా బోర్లించి, గాలి బుడగలు లేకుండా అదిమి, పూర్తిగా ఆరనివ్వండి. మర్నాడు స్పాంజితో తడిపి వేలి కొసతో గుండ్రంగా రుద్దితే కాగితం ఉండలు ఉండలుగా లేచి వస్తుంది, బొమ్మ పేజీ మీద ఉండిపోతుంది. ఆరాక తెల్లగా మబ్బు పట్టినట్టుంటే మళ్లీ తడిపి రుద్దండి. బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి, అందులో తెలుగు అక్షరాలుంటే ముందే అద్దంలోలా తిప్పి ప్రింటు తీసుకోవాలి. ఫెవికాల్‌తో చేయబోతే తడికి అది మళ్లీ మెత్తబడి బొమ్మ కూడా లేచే ప్రమాదం ఉంది. అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1958-60 మధ్య ఇటలీ కవి డాంటే నరకవర్ణనకు వేసిన 34 చిత్రాల్లో పత్రిక బొమ్మలను ద్రావకంతో తడిపి, వెనకనుంచి రుద్ది కాగితం మీదికి దించాడు. బడి గదుల్లో ఆ ద్రావకాల ఆవిరి వద్దు, నీళ్లతో పోయే పద్ధతే మనకు మేలు.

ఇలా దింపిన ఫోటోలో ఒక గొప్ప గుణం ఉంది. తెల్లగా ఉన్న చోటల్లా ఏమీ ఉండదు, కింద ఉన్నది కనిపిస్తుంది. కింద పంచాంగం క్యాలెండర్ కాగితం ఉంటే తాతయ్య తెల్ల చొక్కా మీద తిథులు, నక్షత్రాలు కనిపిస్తాయి. గాలిపటం కాగితం ఉంటే ఆ రంగు పంచెలోకి వస్తుంది. గాలిపటం కాగితం రంగు తడికి కారుతుంది, కారనివ్వండి. న్యూస్‌పేపరు మాత్రం ఆలోచించి వాడండి. అందులో చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ, వెలుతురుకి గోధుమరంగులోకి తిరిగి పెళుసవుతుంది. ఆ ముసలితనం మీకు కావాలంటే అంటించండి, వద్దంటే మంచి కాగితం మీద జిరాక్సు తీసి అంటించండి.

ఇక ముఖం గురించి. పేజీలో ఎక్కడ ముఖం ఉన్నా కన్ను ముందు అక్కడికే పోతుంది. మీరు కష్టపడి పేర్చిన మిగతా పొరలన్నీ దానికి వెనక కర్టెన్ అయిపోతాయి. అందుకని మొదట్లో కొన్నాళ్లు ముఖాలు వదిలేసి, ఆ ఫోటోల్లోనే ఎవరూ చూడని భాగాలు తీసుకోండి. స్టూడియోలో వెనక వేలాడదీసిన తెర మీది సరస్సు, ప్లాస్టిక్ పూల కుండీ, స్టూలు కాలు, చీర కుచ్చిళ్ల దగ్గర నీడ, ఎవరిదో భుజం మీద పెట్టిన చెయ్యి. ఒక్క చేతిని కత్తిరించి పేజీ అంచున పెడితే మిగతా మనిషిని చూసేవాళ్లే ఊహించుకుంటారు. ముఖం తప్పదనుకుంటే దాని మీద బటర్ పేపర్ పొర వేయండి. పాత ఆల్బమ్‌లలో నల్లటి అట్ట పేజీల మధ్య సాలెగూడు నమూనాతో సన్నటి కాగితం ఉండేది గుర్తుందా? దాని వెనక మనుషులు మసగ్గా ఉండేవాళ్లు, అది ఎత్తితేగాని తేటపడేవాళ్లు కాదు. ఫోటోలు రాసుకుపోకుండా వేసిన కాగితమే అయినా చూపును ఒక్క క్షణం నిలబెట్టేది. మీ పేజీలోనూ ఆ పొరను ఒక అంచున మాత్రమే అంటించి, ఎత్తి చూసేలా వదలండి.

పుస్తకానికి మాత్రమే సాధ్యమైన పని ఇంకొకటుంది. పేజీలో కిటికీలా చిన్న చిల్లు కోయండి. వెనక పేజీలో ఉన్న ఫోటోలోంచి ఒక కన్నో, ఒక తలుపు మూలో మాత్రమే ఆ చిల్లులోంచి కనబడుతుంది. పేజీ తిప్పాక ఫోటో మొత్తం బయటపడుతుంది, ఇటు తిప్పిన పేజీ చిల్లులోంచి ఇప్పుడు పాత పేజీ తొంగి చూస్తుంది. ఒకే ముక్క రెండు బొమ్మల్లో రెండు వేరు వేరు పాత్రలు చేస్తుంది. గోడకు వేలాడే ఫ్రేముకు ఈ భాగ్యం లేదు. అందుకే ఫ్రేములో పెట్టబోయే చిత్రానికి రిహార్సల్‌గా స్కెచ్‌బుక్‌ను వాడటం నాకు నచ్చదు. స్కెచ్‌బుక్ తనంతట తానే ఒక పని.

ఇక బల్లల దగ్గరికి వెళ్దాం. అక్కడ జిరాక్సులు, ల్యాబు ఫోటోలు, శుభలేఖలు, చేతికాగితం అన్నీ పెట్టించాను. కత్తెరలు మాత్రం నా సంచిలోనే ఉన్నాయి, అరగంట తర్వాత ఇస్తాను. ముందు చేతులతో చింపండి. అచ్చు కాగితాన్ని చింపితే ఒక ముక్కకి తెల్లటి అంచు వస్తుంది, రెండోదానికి రాదు. లాగే దిక్కు మార్చి చూస్తే ఏది ఎటో మీ వేళ్లకే అర్థమవుతుంది. చేతికాగితానికైతే తడి కుంచెతో గీత గీసి, ఆ గీత వెంట మెల్లగా లాగండి, పోగులు నూగులా లేస్తాయి. ల్యాబు ఫోటో ప్లాస్టిక్ వల్ల సాగుతుంది, తేలిగ్గా చిరగదు. అంచున చిన్న గాటు పెట్టి మొదలెట్టండి. ముందు వరుసవాళ్లు ఎడమ బల్లకి, వెనకవాళ్లు కిటికీ పక్క బల్లకి రండి.